రంగూను వెళ్ళిన పెద్ద తాతయ్య న్యూయార్క్ కాగితాల్లో దొరికారు: నా అనుభవం

2023 దసరా సెలవుల్లో నాన్న వైజాగ్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపారు. పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున దొరికిందట. సూటు, టై, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, మా తాతయ్య ముక్కు. వెనకవైపు స్టూడియో స్టాంపులో సగం చెరిగిపోగా మిగిలింది ఒకటే: లెనాక్స్ ఎవెన్యూ, న్యూయార్క్. ఫోన్ చేస్తే, "మా పెదనాన్న తల్లీ. రంగూను వెళ్ళి అక్కణ్ణించి ఓడెక్కేసినాయన" అన్నారు.

నేను పదకొండేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. లెనాక్స్ ఎవెన్యూ హార్లెమ్‌లో ఉంది. మా ఇంటి నుంచి రైలు మీద గంటంపావు. మన ఇంట్లో అమెరికా వచ్చిన మొదటిదాన్ని నేనే అని అప్పటిదాకా అందరికీ చెప్పుకుని తిరిగాను.

ఇంట్లో తెలిసిన కథ ఇంతే. భీమిలి దగ్గర ఊరు. పదిహేడేళ్ళకి, కూలీల్ని తీసుకెళ్ళే ఒక మేస్త్రీ వెంట బర్మాలోని రంగూను వెళ్ళారు, బియ్యం మిల్లులో పనికి. అక్కడి రేవులో ఓడ మీద బొగ్గు వేసే పనిలో కుదిరారు. తర్వాత న్యూయార్క్ నుంచి ఒక మనియార్డరు, ఈ ఫోటో వచ్చాయి. ఆ తర్వాత ఏమీ లేదు. "దొరసానిని కట్టుకుని మనల్ని మర్చిపోయాడు" అని మా నానమ్మ అనేది. సంక్రాంతికి మా వైపు పెద్దలకి బట్టలు పెడతారు. తాతయ్య ఏటా వాళ్ళమ్మకి చీర, నాన్నకి పంచె పెట్టేవారు. అన్నగారికి మాత్రం పెట్టలేదు. పోయారని తెలిస్తే కదా పెట్టడానికి.

మొదటి నెల నేను చేసినవన్నీ తప్పులే. పాత రికార్డులు ఉచితంగా వెతుక్కోగలిగే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఆయన పూర్తి పేరు, ఇంటిపేరు కొట్టి కూర్చున్నాను. ఒక్కటీ తగల్లేదు. నవంబర్‌లో, వంశవృక్షాలు తీసిపెడతానన్న ఒకాయనకి 150 డాలర్లు కట్టాను. మూడు వారాలకి ఆయన పంపింది ఎవరెవరివో పంజాబీ పేర్లున్న జనాభా లెక్కల పేజీలు. అడిగితే "మీ పేర్లు కష్టం" అన్నారు. ఆ డబ్బు పోయినట్టే.

తర్వాత తెలిసింది, ఇలాంటి పాత వలస ఫైళ్ళు అడగడానికి అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్‌లోనే జీనియాలజీ (వంశచరిత్ర) ప్రోగ్రాం అని ఒకటుందని. హెచ్-1బీ, గ్రీన్‌కార్డు పుణ్యమా అని మనందరికీ నిద్రలో కూడా వినపడే ఆ యూఎస్‌సీఐఎస్సే. అడిగేవాళ్ళు ఇక్కడి పౌరులే కానక్కర్లేదు, ఎవరైనా అడగొచ్చు. పని రెండు మెట్లుగా జరుగుతుంది. ముందు ఇండెక్స్ సెర్చ్: ఈ మనిషి పేరు మీద ఫైలుందా, ఉంటే నంబరెంత అని. తర్వాత ఆ నంబరుతో ఫైలు నకలు అడగాలి. రెండింటికీ విడివిడిగా ఫీజు. మనిషి పుట్టి వందేళ్ళు దాటకపోతే పోయినట్టు రుజువు కూడా జతచేయాలి. మా పెద్ద తాతయ్య 1900 ప్రాంతంలో పుట్టారు కాబట్టి ఆ బాధ తప్పింది.

2024 జనవరి 9న మొదటి సెర్చ్‌కి 65 డాలర్లు కట్టాను. పేరు మనం ఇంగ్లిష్‌లో ఎలా రాస్తామో అలాగే రాశాను, తోచిన రెండు మూడు స్పెల్లింగులు కలిపాను. ఐదు నెలలు పోయాక జూన్‌లో ఉత్తరం వచ్చింది. ఇచ్చిన వివరాలకు సరిపోయే రికార్డు లేదు. నాన్నకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఫోన్ చెయ్యలేదు.

తప్పు వాళ్ళది కాదు. నేనిచ్చిన పేరుతో ఆయన అమెరికాలో ఒక్కరోజు కూడా బతకలేదు.

అది తెలిసింది జూన్ 29 రాత్రి. ఒంటిగంట దాటింది, నిద్ర పట్టలేదు. విసుగొచ్చి పేరు గడి ఖాళీగా వదిలేసి, పుట్టిన ఊరి గడిలో మాత్రం పాత స్పెల్లింగులో విజగపటం అని కొట్టాను. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక నమోదు కార్డొకటి వచ్చింది. తేదీ 1942 ఫిబ్రవరి 16. ఆ రోజు 20 నుంచి 44 ఏళ్ళ మగవాళ్ళలో అంతకుముందు నమోదు కానివాళ్ళందరూ, పౌరులైనా కాకపోయినా, పేరు రాయించుకోవలసి వచ్చింది. పుట్టిన చోటు బిమ్లిపటం, విజగపటం జిల్లా. చిరునామా హార్లెమ్. పేరు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వాళ్ళ పేర్ల చివర ఉండే ‘స్వామి’ అక్కడ ‘శామీ’ అయి, ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా మిగిలింది. ముందు ‘శామ్’ అని ఇంకో పేరు తగిలించుకున్నారు. శామ్ శామీ లాంటి మనిషిని నేను ఎన్ని జన్మలెత్తినా పేరుతో పట్టుకోలేను.

ఇంకో వింత. ఆ కార్డు వెనక జాతి గడుల్లో తెల్ల, నీగ్రో, ఓరియంటల్, ఇండియన్, ఫిలిపినో అని ఉంటాయి. అందులో ‘ఇండియన్’ అంటే వాళ్ళ ఉద్దేశం అక్కడి ఆదివాసులు. గుమస్తా దాని మీద టిక్కు పెట్టాడు, ఇండెక్స్ చేసినవాళ్ళు కూడా అమెరికన్ ఇండియన్ అనే ఎక్కించారు. మనవాళ్ళని వెతికేవాళ్ళు జాతి అన్న ఫిల్టర్ ముట్టుకోకండి. పుట్టినతేదీ ఫిల్టర్ కూడా. ఆయన పుట్టినసంవత్సరం ఒక కాగితంలో 1899, ఒకదాంట్లో 1901, ఇంకోదాంట్లో 1902.

కార్డులో "మీ చిరునామా ఎప్పుడూ తెలిసుండే మనిషి" అన్నచోట ఒక ఆడమనిషి పేరుంది. స్పానిష్ పేరు. అదే ఇంటి చిరునామా. నానమ్మ చెప్పిన దొరసాని నిజమేనన్నమాట అనుకున్నాను. తెల్లారాక నాన్నకి చెప్తే, "దొరసానైతే స్పానిషెందుకు మాట్లాడుద్ది?" అన్నారు.

జులై 1న కొత్త స్పెల్లింగుతో రెండో సెర్చ్ పెట్టాను. ఏప్రిల్ 1 నుంచి ఫీజులు మారాయి కాబట్టి ఆన్‌లైన్‌లో 30 డాలర్లే. కాగితం మీద పంపితే 80. జవాబు అక్టోబర్ 17న వచ్చింది. రెండు నంబర్లు. ఒకటి సి-ఫైల్, అంటే 1906 నుంచి 1956 దాకా పౌరసత్వం పొందినవాళ్ళ ఫైలు. రెండోది 1940లో విదేశీయులందరి చేతా నింపించిన నమోదు ఫారం. ఆఫీసులో ఉన్నాను. లేచి బాత్రూమ్‌కి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయన ఇక్కడ పౌరుడయ్యారు! మర్నాడు రెండింటికీ ముప్పై చొప్పున అరవై కట్టాను.

ఫైలు వచ్చేలోగా ఊరుకోలేక, ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ న్యూయార్క్ శాఖకి కూడా రాశాను. 1906 తర్వాత పౌరసత్వ పిటిషన్ ఒక ప్రతి కోర్టులో, ఒక ప్రతి వాషింగ్టన్‌లో ఉండేది. ఫెడరల్ కోర్టుల ప్రతులు ఇప్పుడు ఆర్కైవ్స్ దగ్గర ఉన్నాయి. 10 డాలర్లు, మూడు వారాలు, స్కాన్ ఈమెయిల్‌లో వచ్చింది. తొందరున్నవాళ్ళు ముందు ఇది చెయ్యండి. నేను ముందు చెయ్యలేదు, ఎందుకంటే ఏ పేరుతో అడగాలో తెలియదు.

పిటిషన్ 1949 నాటిది. భార్య పుట్టింది పోర్టోరికోలో, పెళ్ళి 1932లో, పిల్లలు లేరు. ఇద్దరు సాక్షులు: ఒకరు మంగలి, ఒకరు హోటల్లో వంటమనిషి. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, ఎడమ చేతి మీద కాలిన మచ్చ. బాయిలర్ దగ్గర తగిలిందేమో. కింద ప్రమాణం దగ్గర వదులుకునే దేశం పేరు ఇండియా అని ఉంది. ఆయన భీమిలి రేవులో పడవెక్కినప్పుడు ఆ పేరుతో స్వతంత్ర దేశం లేదు. తను ఒక్కరోజు కూడా ఉండని దేశాన్ని వదులుకుంటున్నానని చెయ్యెత్తి చెప్పారు.

2025 జనవరిలో 1940 నాటి నమోదు ఫారం వచ్చింది. మైక్రోఫిల్ము నుంచి తీసిన రెండే పేజీలు, సగం మసక. వచ్చిన విధం: ఓడ సిబ్బందిగా. వచ్చింది 1922 నవంబర్. ఓడ పేరు: గుర్తు లేదు. ఉద్యోగం: వంటపాత్రలు కడగడం, తర్వాత వంట. అమెరికాలో తల్లిదండ్రులు: లేరు. పౌరసత్వానికి దరఖాస్తు చేశారా: లేదు. ఏ దేశస్తుడు: బ్రిటిష్. అడుగున వేలిముద్ర, దాని పక్కన సంతకం.

సంతకం తెలుగులో ఉంది.

పొడుగ్గా, ఒత్తులు కిందికి లాగేసి, పాత పలకమీద రాతలాగా. నాన్నకి పంపాను. ఐదు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత ఒక వాయిస్ మెసేజ్, అందులో మాట లేదు, ముక్కు ఎగబీల్చడం ఒక్కటే. తాతయ్య కూడా ‘స్వామి’ని అలాగే రాసేవారని ఆ సాయంత్రం చెప్పారు.

దరఖాస్తు ‘లేదు’ అని ఎందుకుందో నాకు అప్పటికే తెలుసు. 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థిండ్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవాళ్ళు’ కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తేల్చింది. పెద్ద తాతయ్య ఓడ దిగి అప్పటికి మూడు నెలలు. ఆ తలుపు 1946 జులై 2న ల్యూస్-సెల్లర్ చట్టంతో తెరుచుకుంది. దానికీ ఓ మెలిక ఉంది. ఓడ దిగి పారిపోయినవాడికి సక్రమంగా దేశంలోకి వచ్చిన కాగితమే ఉండదు. 1924 జులై 1కి ముందు నుంచీ ఇక్కడే ఉన్నట్టు రుజువు చేసుకుంటే ఆ కాగితం పుట్టించుకునే దారి ఒకటి ఉంది, దాన్ని రిజిస్ట్రీ అంటారు. కానీ పౌరసత్వానికి అనర్హులైనవాళ్ళకి అది కూడా లేదు. అంటే 1946 దాకా ఆయన ఇరవై నాలుగేళ్ళు ఆ కాగితం లేకుండానే ఉన్నారు. నా గ్రీన్‌కార్డు క్యూ గురించి రోజూ ఏడిచే నేను ఆ వారం మాత్రం ఏడవలేదు.

సి-ఫైల్ 2025 మే 14న వచ్చింది. పీడీఎఫ్, 71 పేజీలు. అడిగిన ఏడు నెలలకి. ఇద్దరో ముగ్గురో పేర్ల మీద నల్లగీతలు తప్ప అంతా ఉంది. 1944 నుంచి 1956 మధ్య పౌరులైనవాళ్ళకి అంతకుముందున్న ఏ-ఫైలు, అంటే విదేశీయుడిగా ఉన్నప్పటి వలస ఫైలు కూడా ఇందులోనే కలిపేశారు కాబట్టి, రిజిస్ట్రీ దరఖాస్తు మొత్తం దొరికింది. నిజానికి పౌరసత్వపు సర్టిఫికెట్టు కంటే అసలు సరుకు అక్కడే ఉంది.

ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నానని ఆయన 1947లో పోగేసిన రుజువులవి. అద్దె రసీదులు. గడ్డం గీసే మంగలి ప్రమాణపత్రం: "ఇతన్ని 1924 వసంతం నుంచి ఎరుగుదును." ఇంటి యజమానురాలి ఉత్తరం. భార్య ఇచ్చిన వాంగ్మూలంలో 1928 నుంచి పరిచయమని ఉంది. మరి పెళ్ళి 1932 దాకా ఎందుకు ఆగారు? పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుణ్ణి చేసుకున్న అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకుంటుందని 1922 నాటి చట్టంలో ఒక నిబంధన ఉండేది, 1931 మార్చిలో తీసేశారు. పోర్టోరికో వాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులు. అందుకోసమే ఆగారని ఫైల్లో ఎక్కడా లేదు. నా ఊహ మాత్రం అదే.

38వ పేజీ నుంచి మనియార్డరు రసీదుల ఫోటోస్టాట్లు మొదలయ్యాయి.

పద్నాలుగు. 1923 నుంచి 1930 దాకా. పది డాలర్లు, పన్నెండు, ఒకసారి ఇరవై. పది డాలర్లంటే ఆ రోజుల్లో ఇరవై ఏడు రూపాయల చిల్లర. అన్నీ ఒకే పేరుకి, మా తాతయ్య మేనమామకి. వాళ్ళమ్మకి చదువు రాదు, ఉత్తరాలు, డబ్బులు ఆయన ద్వారానే వచ్చేవట. ఇంట్లో తెలిసింది మాత్రం ఒకే ఒక్క మనియార్డరు.

ఆ తర్వాతి పేజీల్లో అధికారి ప్రశ్నలు, ఈయన జవాబులు టైపు చేసి ఉన్నాయి. ఇండియాలో ఎవరున్నారు? అమ్మ, ఒక తమ్ముడు. మీ అమ్మ బతికుందా? తెలియదు. ఎందుకు తెలియదు? "1931 నుంచి జవాబు రావడం లేదు. ముందు నేను రాస్తూ ఉన్నాను. తర్వాత మానేశాను."

అప్పటికి రాత్రి పదకొండు. వైజాగ్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర, నాన్న పేపరు చదువుకుంటూ ఉంటారు. వీడియో కాల్‌లో ఆ మూడు వాక్యాలు తెలుగులో చదివి వినిపించాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, "ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను.

"మరి మావాళ్ళు ఆయనే మానేశాడన్నారే!"

మేనమామ గారు 1931లోనే పోయారు. కలరా అని నాన్న విన్నారు. ఆయన పోయాక ఉత్తరాలు ఆ ఇంటికి వచ్చి ఏమయ్యాయో చెప్పేవాళ్ళెవరూ లేరు. డబ్బు సంగతి ఇంకా కష్టం. మేనమామ తినేశాడని మొదటి రాత్రి నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు నాన్న ఇంకో మాట అన్నారు. తాతయ్య చిన్నప్పుడే వాళ్ళ తాటాకిల్లు పోయి పెంకుటిల్లు వచ్చిందట. రోజుకూలీ ఇంట్లో పెంకులు ఎక్కణ్ణించి వచ్చాయని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మేనమామ నిలబడి కట్టించాడని మాత్రం అనుకునేవారు. ఆ డబ్బు అదేనా, అందులో కొంతేనా, అసలు కాదా, ఏ రసీదూ చెప్పదు. ఆ మేనమామ మనవళ్ళతో మాకు ఇప్పటికీ పెళ్ళిళ్ళు, పేరంటాలు నడుస్తున్నాయి. "రాసుకుంటే రాసుకో, పేర్లు మాత్రం పెట్టకు" అన్నారు నాన్న. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు.

ఖర్చు ఎంతయిందని అడిగేవాళ్ళకి: 65, 30, 60, 10. ఆ పనికిరాని 150 కలిపితే మొత్తం 315 డాలర్లు. పట్టిన కాలం, ఫోటో దొరికిన రోజు నుంచి పంతొమ్మిది నెలలు. నేను పేరు వదిలేసి ఊరు పట్టుకుని మొదలుపెట్టి ఉంటే సగం కాలం, నూటయాభై పైన డాలర్లు మిగిలేవి. ఊరి పేరు కూడా ఇప్పటి స్పెల్లింగుతో కాదు, తెల్లవాళ్ళు రాసిన పాత స్పెల్లింగుతో. విశాఖపట్నం అని కొడితే నాకు సున్నా వచ్చింది. కాకినాడని అప్పట్లో కోకనాడా అని, మచిలీపట్నాన్ని మసూలిపటం అని రాసేవారు, అవి కొట్టి చూడండి. ఫైలు వచ్చాక సర్టిఫికెట్టు ఒక్కటే చూసి మూసెయ్యకండి, చివరి పేజీ దాకా చదవండి.

ఒకటి మాత్రం ఫైల్లో దొరకలేదు, ఆయన ఎప్పుడు పోయారన్నది. పౌరసత్వంతోనే ఆ ఫైలు ఆగిపోయింది. సోషల్ సెక్యూరిటీ మరణాల జాబితాలో ‘శామీ’ పేరుతో వెతికితే ఆ మూడు పుట్టినసంవత్సరాల్లో ఒకటి, న్యూయార్క్‌లో ఇచ్చిన నంబరు, పోయింది 1964 మార్చి. రోజు లేదు, నెలే ఉంది. ఎక్కడ పూడ్చారో ఇంకా వెతుకుతున్నాను.

సర్టిఫికెట్టు మీదున్న ఫోటో పెద్దది చేయించి వైజాగ్ పంపాను. నలభై ఎనిమిదేళ్ళు, కొంచెం బట్టతల, అదే ముక్కు. మొన్న 2026 సంక్రాంతికి నాన్న ఆయనకి కూడా బట్టలు పెడతానన్నారు. పండగకి రెండు రోజుల ముందు బట్టల కొట్లోంచి ఫోన్ చేశారు.

"పంచె తీసుకోనా, ప్యాంటు గుడ్డ తీసుకోనా తల్లీ? నలభై ఏళ్ళు ప్యాంటే కదా వేసుకున్నాడు."

నాకేం చెప్పాలో తోచక రెండూ తీసుకోమన్నాను. "ఆవిడకి కూడా ఒక చీర తీస్తాను మరి" అని ఫోన్ పెట్టేశారు.